తగ్గినట్టు కనబడాలె

"రేపు పెద్ద దవాఖానకు పోతున్నవ్. గిట్లనే పోతే మనిషంటరా నిన్ను?" అన్నది సక్కుబాయి, కోడలి ఒళ్లోని చాట గుంజుకుంటూ.

చాటలో బియ్యం ఉన్నాయి. బియ్యంలో రాళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. నీరజకు రాళ్లు కనబడక కాదు, వేళ్లు పట్టుకోక. రెండు వేళ్లు దగ్గరికి రావాలంటే కణుపుల్లో నిప్పురవ్వలు పెట్టినట్టవుతుంది. చేతులు మంచిగ లేవనే గదత్తా దవాఖానకు పోయేది, అందామని నోటిదాకా వచ్చింది. అనలేదు. ఆ ఇంట్లో దవాఖానకు పోవడమంటే చుట్టాలింటికి పోవడమే. ఉతికిన చీర కట్టుకోవాలె, తల దువ్వి పూలు పెట్టుకోవాలె, మొహం మీద నొప్పి కనబడొద్దు. "డాక్టరమ్మ ముంగట మూలుక్కుంట కూసుంటే నిన్నేమంటది? మమ్ముల అంటది. కోడలిని ఎట్ల అరిగిచ్చిన్రో సూడు అంటది." సక్కుబాయి లెక్క సక్కుబాయికుంది. అందుకే సూర్యాపేట దవాఖానకు పోయే ముందు దినం పొద్దుగూకే వేళకు మిర్యాలగూడ పక్కనున్న ఆ తండాలోకి లాజరు బండి వస్తుంది.

లాజరును తండా అంతా డాక్టరనే పిలుస్తారు. ఎప్పుడో మిర్యాలగూడలో ఒక దవాఖానలో కట్లు కట్టేవాడట, ఇప్పుడు సంచీలో సూదులు, గోలీలు వేసుకుని ఊళ్లు తిరుగుతాడు. "ఏం కోడలు పిల్లా, మళ్ల సూర్యాపేట టూరా?" అంటూ దిగాడు. "నా సూది ఏయించుకొని పోయి గాడ పేరు తెచ్చుకుంటున్నవ్. సగం పేరన్న నాకు ఇప్పియ్యరాదు." సక్కుబాయి నవ్వింది. నీరజ మొగుడు హరిలాల్ కూడా నవ్వాడు. నీరజ గోడవైపు తిరిగి పైట సర్దుకుంది. సూది మంట కన్నా ఆ నవ్వులే ఎక్కువసేపు ఉన్నాయి ఒంట్లో.

తెల్లారేసరికి వేళ్లు తెరుచుకున్నాయి. ఎవరో తాళం తీసినట్టు. తన చెంబు తనే ఎత్తుకుంది, తన జడ తనే వేసుకుంది. ప్రవళిక మంచం మీద కూర్చుని తల్లినే చూస్తోంది. "ఇయ్యాల నేను అక్కెర లేదా మమ్మీ?" అని అడిగింది. బిడ్డ గొంతులో సంతోషం ఉందా, చిన్నబుచ్చుకోవడం ఉందా, నీరజకు తెలియలేదు. "అక్కెర లేదు. నువ్వు బడికి ఉరుకు," అన్నది. ఆ మాట నోటికి ఎంత తియ్యగా ఉందో! నాలుగు దినాలు ఉంటుంది ఆ తీపి. మహా ఉంటే వారం.

ఈ రోగం ప్రవళిక పుట్టిన ఏడాదే పట్టుకుంది. పొద్దున లేస్తే చేతులు కొయ్యబారి ఉండేవి, ఎండ పైకొచ్చినాక గానీ మెత్తబడేవి కావు. "మేం కాన్పైన నెలకే పత్తి ఏరినం. మాకు లేని వాతం నీకు యాడికెళ్లి వచ్చె?" అన్నది అత్త. "కొంత పని చేస్తే అదే పోతది," అన్నాడు మొగుడు. ఆయన రైస్ మిల్లులో హమాలీ. వీపు మీద బస్తా మోసి మోసి, నొప్పంటే ఏందో తనొక్కడికే తెలుసు అనుకుంటాడు. నీరజ ఎవరినీ తప్పు పట్టలేదు, తననే పట్టుకుంది. ఒళ్లు వంగదేమో, బద్ధకమేమో, తన మనసుకే తెలియకుండా పని తప్పించుకుంటున్నదేమో అని. పదో తరగతి సగంలో ఉండగా అక్క కాన్పుకొచ్చింది. అక్క పిల్లను చూసుకోవడానికి ఎవరూ లేరని నీరజను బడి మాన్పించారు. "పిల్ల నిద్రపొయినంక సదువుకోరాదు," అన్నాడు నాన్న. పిల్ల నిద్రపోయింది, పెద్దదైంది, నీరజ పుస్తకం మళ్లీ తెరవలేదు. అప్పుడు కూడా ఇట్లనే అనుకుంది. నిజంగా చదువు మీద మనసుంటే ఎట్లనో అట్ల చదివేదాన్ని, తప్పు నాదే, అని.

సూర్యాపేట దవాఖానలో డాక్టరు దీప మేడం రోగానికి పేరు పెట్టి చెప్పింది. ఇది వాతం కాదమ్మా, రుమటాయిడ్ అంటారు, ఒంటికి కాపలా ఉండాల్సిన కణాలే నీ కీళ్లను పగోళ్లనుకుని కొరుకుతున్నాయి, వదిలేస్తే వేళ్లు వంకర పోతాయి, కళ్లకీ ఊపిరితిత్తులకీ కూడా పాకొచ్చు, అన్నది. నీ తప్పేం లేదు, అని కూడా అన్నది. ఆ మాటకు నీరజకు ఏడుపొచ్చింది. వారానికోసారి వేసుకునే గోలి రాసింది. అది చాలకపోతే కొత్త గోలి ఒకటి ఉంది, దాని మీద మేము పరిశోధన చేస్తున్నాం, ఇష్టముంటే చేరొచ్చు, అన్నది. కొందరికి అసలు గోలి ఇస్తారట, కొందరికి మందు లేని ఉత్త గోలి. ఎవరికి ఏదో మేడంకే తెలియదట. అట్లయితేనే గోలి బలమెంతో నిజంగా తేలుతుందట. నీరజ చేరింది. ఆ పరిశోధన పనులన్నీ చూసేది కరుణ, కోదాడ పిల్ల. మాట మెత్తగా ఉంటుంది, కానీ ఒక్క మాట మాత్రం ప్రతిసారీ తప్పకుండా అడుగుతుంది. "మేమిచ్చినవి కాకుండా ఇంకేమైనా వాడుతున్నారా? గోలీలు, సూదులు, చెట్టు మందులు, ఏవైనా సరే. అది మాకు తెలియాలండి."

"ఏం లేవు మేడం," అంటాడు హరిలాల్. నీరజ తలూపుతుంది.

మొదటిసారి పోయినప్పుడు ఏ సూదీ లేదు. ఆ దినం బస్సులో కడ్డీ పట్టుకోలేక పక్కామె మీద పడింది. సూర్యాపేటలో దిగలేకపోతే హరిలాల్ నడుం పట్టుకుని ఎత్తి దింపాడు. ఎవరో పిలగాళ్లు నవ్వారు. హరిలాల్ చెవులు ఎర్రబడ్డాయి. ఇంటికొచ్చి తల్లితో, "ఈసారి నేను పోను. నలుగురిల నా మొహం ఏడ వెట్టుకోవాలె?" అన్నాడు. అప్పుడు పిలిపించింది సక్కుబాయి లాజరును. రెండోసారి నీరజ నడుచుకుంటూ పోయింది. దీప మేడం ఆమె చెయ్యి పట్టుకుని గుప్పిట మూయమన్నది. మూసింది. "వెరీ గుడ్ నీరజా," అన్నది. ఆ మాట ఎవరన్నా తనను చూసి అని ఎన్నేళ్లయిందో. ఎనిమిదో తరగతిలో లెక్కల సారు అన్నదే. నిజం చెప్పాలంటే, ఆ మాట మీద ఆశ పుట్టింది నీరజకు. తర్వాత హైదరాబాదు నుంచి డాక్టర్లు వచ్చినప్పుడు మేడం ఆమెనే పిలిపించింది. వాళ్లు ఒక్కొక్కరే ఆమె కణుపులు నొక్కి చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని తలలూపారు. నీరజ నేల చూసుకుంటూ నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ తల దించుకుంటుంది.

ఎందుకంటే సూది బలం తగ్గిన దినం నుంచి మళ్లీ కథ మొదలు. తల్లి జాకెట్ హుక్కులు ప్రవళిక పెడుతుంది. లంగా నాడా ప్రవళిక ముడేస్తుంది. మూడో తరగతి పిల్ల, ముడి బిగుసుకుంటే పంటితో విప్పుతుంది. ఒకనాడు పొద్దున, బయటున్న దినాల్లో, ప్యాడ్ వెనక అంటుకున్న కాగితం ఊడబెరకడానికి నీరజ వేళ్లు రాలేదు. పళ్లతో లాగింది, రాలేదు. బాత్రూమ్ తలుపు సందులోంచి అత్తను పిలుద్దామనుకుంది. ఆమె చేసే సాయం కన్నా ఆమె మాట పెద్దగా ఉంటుంది. బిడ్డను పిలిచింది. ప్రవళిక కాగితం ఊడదీసి, తల్లి చెప్పినట్టు సరిచేసి ఇచ్చింది. నెత్తురు చూసి, "ఏడ దెబ్బ తాకింది మమ్మీ?" అని అడిగింది. నీరజకు ఆ గోడలు కూలి మీద పడితే బాగుండుననిపించింది. ఇంత పిల్లకు ఇప్పుడే చూపించాల్సిన సంగతా ఇది? అక్క కాన్పు తన చదువు తీసుకుంది, తను తన బిడ్డ పసితనం తీసుకుంటోంది. ఎవరి బడైనా ఎవరో ఒకరి ఒంటి కోసమే ఆగుతోంది ఆ ఇళ్లల్లో. ఆగేది ఆడపిల్లదే.

పోయిన నెల సావిత్రి టీచర్ బడి గేటు దగ్గర ఆపింది. "ప్రవళిక ఒక్కనాడు ప్రార్థనకు అందది. లేవదా ఏంది?" అన్నది. నీరజ టక్కున, "మొద్దునిద్ర మేడం. ఎంత లేపినా లేవది," అన్నది. పిల్ల పక్కనే ఉంది. తల్లి మొహంలోకి చూసింది. ఇంటిదాకా తల్లి చెయ్యి పట్టుకోకుండా, రెండడుగుల దూరంలో నడిచింది.

ఇవన్నీ తలలో తిరుగుతుండగానే బస్సు సూర్యాపేట చేరింది. నీరజ కడ్డీ పట్టుకుని దిగింది. హరిలాల్ ముందు నడిచాడు, చేతులూపుకుంటూ, మంచి పెళ్లానికి మొగుడైనట్టు.

దీప మేడం ఈసారి గుప్పిట మూయమనలేదు. మొహం వైపే చూస్తోంది. అత్త చాలా దినాల నుంచి సంబరపడుతున్న మొహం అది. "మందు పట్టింది, చెంపలు నిండినయ్," అని తండాలో అందరికీ చెప్పింది సక్కుబాయి. మేడంకు ఆ నిండుతనం నచ్చలేదని నీరజకు అర్థమైంది. నెత్తురు పరీక్ష కాగితం రెండుసార్లు చూసి మేడం అన్నది:

"షుగర్ పెరిగింది. మొహం గుండ్రంగా అయింది, పెదవి మీద నూగు వచ్చింది. ఇవన్నీ స్టెరాయిడ్ వాడితే వస్తాయి. నొప్పులకు ఎవరైనా సూది ఇస్తున్నారా నీరజా? చెప్పు. నేను తిట్టను."

హరిలాల్ గొంతు సవరించుకున్నాడు. తర్వాత పెదవి కదిలీ కదలకుండా, లంబాడీలో, లేదని చెప్పు అన్నాడు. ఇంట్లో మాట్లాడుకునే మాట అది. దవాఖానలో ఎవరికీ రాదు. ఇన్నాళ్లూ ఆ మాట వాళ్లిద్దరికీ దవాఖానకూ మధ్య తడిక లాగా అడ్డం నిలబడి, ఏది చెప్పాలో ఏది చెప్పొద్దో లోపల్లోపలే తేల్చేసేది.

"లేదు మేడం," అన్నది నీరజ.

మేడం కాగితం మడిచింది. "అయితే ఇది మా గోలీ వల్లే అనుకోవాలి. అట్లనే రాసి పంపుతాను," అన్నది. కరుణ వైపు తిరిగి, "మూత్రం పరీక్ష చేయించండి," అన్నది.

ఈ గోలీలు వాడేటప్పుడు కడుపు రావొద్దు. వస్తే లోపలి బిడ్డకు ముప్పు. అందుకని వచ్చిన ప్రతిసారీ ఆ పరీక్ష ఉంటుంది. హరిలాల్ లేవబోతే కరుణ ఆపింది. "మీరిక్కడే కూర్చోండన్నా. ఆడవాళ్ల పరీక్షకు ఆమె ఒక్కరే వస్తారు." 

వరండాలో బెంచీ మీద జమునా కూర్చుని ఉంది. చిలుకూరు నుంచి వస్తుంది, నీరజ కన్నా కొంచెం పెద్దది. ఇదే పరిశోధనలో ఉంది. ఆమె చేతివేళ్లు అన్నీ ఒకవైపుకు వాలిపోయి ఉన్నాయి, గాలికి ఒరిగిన వరి లాగా. పరీక్ష ఇచ్చి వచ్చిన నీరజను చూసి కొంగు సర్ది జాగా ఇచ్చింది.

"మంచిగున్నవా చెల్లె? నీకేం, మంచిగనే ఉంటవ్. మేడం వచ్చినోళ్లందరికీ నీ చేతులే చెప్తది." జమునా తన చేతులు కొంగు కింద పెట్టుకుంది. "పోయినసారి మా ఆయన ముందట కూడా చెప్పింది. ధైర్యం కోసమే చెప్పింది పాపం. ఇంటికి పోయినంక అదే పట్టుకున్నడు. గా మిర్యాలగూడ పిల్లకు తగ్గింది, గదే గోలి, నీకెందుకు తగ్గదే? పని దొంగవి, నకరాలు చేస్తున్నవ్ అని. మా అత్తయితే గోలీలు మింగకుండా పారేస్తున్ననేమోనని నోరు తెరిపిచ్చి చూస్తది."

నీరజ కూడా తన చేతులు కొంగు కింద పెట్టుకుంది. 

"నువ్వేం పత్యం చేస్తున్నవ్? దుంపలు మానేసినవా? పెరుగు మానేసినవా? నేను అన్నీ మానేసిన, ఉత్త జొన్నరొట్టె తింటున్న," అన్నది జమునా. తర్వాత, నవ్వడానికి చూస్తూ, "చెప్పు చెల్లె. చెప్తే నీది తరిగిపోతదా ఏంది?"

తనకు ఇన్నాళ్లూ తెలిసిన సిగ్గు వేరు. బస్సులో పడితే వచ్చే సిగ్గు, పిల్ల నాడా కడితే వచ్చే సిగ్గు, అత్త మాటకు తల వంగే సిగ్గు. అదంతా తన ఒంటి మీదే పుట్టి తన ఒంటి మీదే చచ్చేది. ఇది వేరే. తను మంచిగ కనబడడానికి వేయించుకున్న సూది పోయి, చిలుకూరులో ఇంకొక ఆడమనిషి నోరు తెరిపించి చూస్తోంది. ఎవరింట్లోనో ఎవరి మొగుడో తన గుప్పిట చూపించి పెళ్లాన్ని దొంగ అంటున్నాడు. నాకు తెలియకనే కదా, అనుకోబోయింది. కానీ తెలియకనా? కరుణ అడిగిన ప్రతిసారీ తలూపింది ఎవరు? మొగుడు నోరు తెరిచాడు నిజమే, తల మాత్రం తనదే.

"ఉండక్కా. ఇప్పుడే వస్త," అని లేచింది.

గదిలోకి పోయేసరికి హరిలాల్ సంచీ భుజానికేసుకుని నిలబడి ఉన్నాడు. లంబాడీలో, అయిపోయింది కదా, బస్సు పోతది, నడువ్, అన్నాడు. నీరజ మేడం ముందున్న కుర్చీలో కూర్చుంది.

"మేడం, నేను అబద్ధం చెప్పిన. సూది ఏయించుకుంటున్న. మీ దగ్గరికి వచ్చే ముందురోజు."

హరిలాల్ లంబాడీలోనే గట్టిగా ఒక మాటన్నాడు. నీరజ అతని వైపు తిరగలేదు. మేడం మొహమే చూస్తూ, తెలుగులోనే జవాబిచ్చింది.

"మతి పోలేదు నాకు. ఇగ మన మాటల్ల చెప్పకు. వాళ్లకు కూడా తెల్వాలె."

మేడం పెన్ను పక్కన పెట్టింది. "ఎప్పటి నుంచి?"

"మొదటిసారి తప్ప అన్నిసార్లు. నడుమ నడుమ పెండ్లిళ్లకు, పత్తి ఏరేటప్పుడు గూడ."

"ఎందుకమ్మా?"

"మంచిగ కనబడాలని."

చెప్పినాక ఆ మాట తన చెవికే వింతగా తోచింది. రోగం చూపించుకోవడానికి వచ్చే చోటుకు రోగం దాచుకుని వచ్చింది. మేడం తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. చేతులు రెండూ బల్ల మీద పెట్టుకుని, "నీ చేతులు చూసి నేను చాలామందికి చెప్పాను నీరజా," అన్నది. అంతే అన్నది. నీరజ తల ఎత్తలేకపోయింది.

తర్వాత మేడం మెల్లగా చెప్పింది. ఈ సంగతి రాసి పంపాల్సిందే, బహుశా పరిశోధన నుంచి తీసేస్తారు, కానీ వైద్యం ఆగదు, ఇక్కడికే రావాలి. సూది ఒక్కసారిగా మానితే ఒంటికి ప్రమాదం, అలవాటు పడింది కాబట్టి గోలీల మీద పెట్టి కొంచెం కొంచెంగా తగ్గిస్తాను, అన్నది. "కొన్నాళ్లు పొద్దున పూట చాలా కష్టంగా ఉంటుంది. ఇంట్లో ఎవరో ఒకరు నీ పక్కన ఉండాలి," అని హరిలాల్ వైపు చూసింది. హరిలాల్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

నీరజ మళ్లీ జమునా దగ్గరికి వచ్చింది. "నాకు తగ్గలేదక్కా. మాకాడి లాజరు సూది ఏస్తడు. నువ్వు చూసింది ఆ సూది. నేను దాచిన," అన్నది. జమునాకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక మొహం గట్టిపడింది. రెండు మాటలంటుందని, అననీ అని నీరజ నిలబడింది.

"పెరుగు గూడ మానేసిన గదే నేను," అన్నది జమునా. తర్వాత కొంగు కింది నుంచి వంకర చేతులతో ఫోను తీసి, నంబరు కలిపి, నీరజకు ఇచ్చింది. "నాకు చెప్పుడు కాదు. ఆయనకు చెప్పు."

నీరజ ముఖం తెలియని మగమనిషికి చెప్పింది. "అన్నా, నేను మిర్యాలగూడ దాన్ని. నాకు తగ్గలేదు. సూదితోటి తగ్గినట్టు కనబడ్డ. మీ ఇంటామె దొంగ కాదు." ఫోను తిరిగి ఇచ్చేసింది.

హరిలాల్ మిర్యాలగూడ బస్సు ఎక్కి, ఇద్దరి సీట్లో కూర్చుని, బస్సు ఊరు దాటినాక మొదలుపెట్టాడు. 

"ఇజ్జత్ తీసినవ్. అందరి ముంగట దొంగను చేసినవ్. మా అమ్మకేం చెప్పాలె ఇప్పుడు?"

"అత్తకు నేను చెప్త."

"లాజరు మళ్ల మన గడప తొక్కుతడా?"

"తొక్కొద్దు."

బయట కాలువ పక్క నాట్లు పడుతున్నాయి. నడుములు వంచిన ఆడవాళ్లు వరసగా వెనక్కి నడుస్తున్నారు. వాళ్లలో ఎంతమంది పొద్దున గుప్పిట మూయలేక లేచి ఉంటారో అనిపించింది నీరజకు. సూది బలం ఇంకా ఒంట్లో ఉంది. ఇది దిగిపోయే పొద్దు గుర్తొచ్చి భయమేసింది. ఆ భయంలోంచే చెప్పింది.

"ప్రవళిక ఇగ నుంచి ప్రార్థన టైముకు బడికి పోతది. నా పనులు చెయ్యది. సావిత్రి టీచర్‌కు గూడ చెప్త, పిల్లది మొద్దునిద్ర కాదని."

హరిలాల్ ఇటు తిరిగాడు. ఆడదాని నోరు మూయించే మాట దొరికినట్టు కళ్లు వెలిగాయి. "సూది వద్దంటివి. పిల్ల వద్దంటివి. మరి పొద్దుగాల నీకు ఎవరు చేస్తరు? జాకెట్ ఎవరు తొడుగుతరు, నాడా ఎవరు కడ్తరు? చెప్పు, ఎవరు చేస్తరు నీకు?"

అతను తిట్టు కిందనే అన్నాడు. కానీ ఆ ఇంట్లో ఆమెను ఆ ప్రశ్న ఒకరు అడగడం అదే మొదలు. నీరజ దానికి జవాబు వెతుక్కోలేదు.

"నువ్వు," అన్నది.